ముప్పై అయిదేళ్లకే రిటైర్మెంట్: బేగంపేట నుంచి శంషాబాద్ దాకా

రాత్రి రెండున్నరకి మా గల్లీలోకి తెల్ల కారు ఒకటి వస్తుంది. హారన్ కొట్టదు. డ్రైవర్ ఫోన్ చేస్తాడు. మా అక్క బిడ్డ జుట్టు ముడి సర్దుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతుంది. నేను తలుపు వేసుకుని పడుకుంటాను గానీ నిద్ర పట్టదు. మా ఇంటి మేడ మీద నుంచి చూస్తే శంషాబాద్ రన్‌వే వైపు ఆకాశం నారింజరంగులో మెరుస్తూ ఉంటుంది. ఇంకో గంటకి అది ఎక్కే విమానం అక్కణ్ణుంచే లేస్తుంది.

పొద్దున పాలు పోయించుకునే చోట పక్కింటావిడ ఒకరోజు అడిగింది, "అక్కా, మీ బిడ్డ పెండ్లయినంక గూడ గీ డ్యూటీ జేస్తదా?" అని. ఆమె మాటలో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "చేస్తది, ఎందుకు చెయ్యదు?" అన్నాను. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ ప్రశ్న మా పక్కింటావిడది మాత్రమే కాదు. మన దేశ ప్రభుత్వ విమాన సంస్థ తన నిబంధనల పుస్తకంలో అదే ప్రశ్న రాసుకుని, దానికి "చెయ్యకూడదు" అని జవాబు కూడా రాసుకున్న రోజులున్నాయి. ఆ జవాబు మీద సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం నడిచింది. జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కదా, పాత అలవాటు పోదు. ఆ కథ మొదటి నుంచీ చెప్పాలనిపించింది.

*

ముందు ఊర్ల పేర్ల సంగతి. హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేట. నిజాం కుమార్తె బషీరున్నిసా బేగంకి ఆ ప్రాంతం కట్నం కింద వచ్చిందనీ, అందుకే ఆ పేరనీ చెబుతారు. ఆమెను పెళ్లి చేసుకున్నది పాయెగా వంశపు అమీరు. ఆ వంశం వాళ్ల బిరుదు షమ్స్-ఉల్-ఉమ్రా. శంషాబాద్ పేరు ఆ బిరుదులోంచి వచ్చింది. అంటే 2008 మార్చిలో హైదరాబాద్ విమానాలన్నీ భార్య పేరున్న ఊరి నుంచి భర్త పేరున్న ఊరికి కాపురం మార్చాయన్నమాట. ఇది కాకతాళీయమే. అయినా క్లాసులో చెబితే పిల్లలు గుర్తుపెట్టుకునేవాళ్లు.

బేగంపేట విమానాశ్రయం తొలి రోజులతో ఇంకో స్త్రీ పేరు కూడా ముడిపడి ఉంది, నిజాం పెద్ద కోడలు దుర్రు షెహ్వార్. కానీ నా కథకి కావలసిన మనిషి ఆమె కాదు. 1945లో నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ అనే సంస్థ పెట్టారు. రైల్వే వాళ్లు విమానాలు నడపడం ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, నిజాం రాజ్యంలో రైళ్లూ బస్సులూ విమానాలూ ఒకే శాఖ కింద ఉండేవి. యుద్ధం ముగిశాక చవకగా దొరికిన డకోటా విమానాలు బేగంపేట నుంచి ఎగిరేవి.

ఆ సంస్థలో కో-పైలట్‌గా చేరింది ప్రేమ్ మాథుర్. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ తీసుకుంది. ఉద్యోగం కోసం ఎనిమిది ప్రైవేటు విమాన సంస్థలకి దరఖాస్తు పెడితే ఎనిమిదీ కాదన్నాయి. ఆడమనిషి నడుపుతోందని తెలిస్తే ప్రయాణికులు భయపడి ఎక్కరన్నది వాళ్ల వాదన. తొమ్మిదోసారి హైదరాబాద్‌లో తలుపు తెరుచుకుంది. ఈ దేశంలో వాణిజ్య విమానం నడిపిన మొదటి స్త్రీకి ఉద్యోగమిచ్చింది బేగంపేట అని మనం గర్వంగా చెప్పుకోవచ్చు. 1949లో ఆమె జాతీయ విమాన పందెం గెలిచింది కూడా.

అయితే గర్వపడ్డాక మిగతా సగం కూడా చెప్పాలి. కో-పైలట్ గంటలు నిండాయి, పందెం గెలిచింది, ఇక తనకి కమాండ్ ఇవ్వమని అడిగింది. కమాండ్ అంటే కాక్‌పిట్‌లో ఎడమ సీటు, అంటే విమానానికి పెద్ద. దక్కన్ ఎయిర్‌వేస్ ఇవ్వలేదు. కుడి సీటు దాకా రానిచ్చిన సంస్థకి ఎడమ సీటు దగ్గర చెయ్యి ఆడలేదు. ఆమె హైదరాబాద్ వదిలి ఢిల్లీ వెళ్లి, జి.డి. బిర్లా సొంత విమానం నడిపే ఉద్యోగం చూసుకుంది. 1953లో విమాన సంస్థల జాతీయీకరణ జరిగి దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. దేశంలో అందరూ ఆడవాళ్లే ఉన్న సిబ్బందితో ఒక విమానం ఎగరడానికి ఆ తర్వాత ఇంకో 32 ఏళ్లు పట్టింది. 1985 నవంబర్‌లో కలకత్తా నుంచి సిల్చార్‌కి వెళ్లిన ఆ ఫోకర్ విమానానికి కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్, కో-పైలట్ నివేదితా భాసిన్.

రానివ్వకపోవడం ఒక రకం అన్యాయం. అందరికీ కనిపిస్తుంది, తిట్టుకోవచ్చు. రానిచ్చి, ఒక గీత గీసి, "ఇక్కడిదాకానే" అనడం ఇంకో రకం. ఈ రెండోది పట్టుకోవడం కష్టం. నేను చెప్పబోయేదంతా ఈ రెండో రకం గురించే.

*

కాక్‌పిట్‌లోకి రానివ్వడానికి భయపడ్డవాళ్లే క్యాబిన్‌లోకి మాత్రం ఆడవాళ్లనే పిలిచారు. 1930 మే నెలలో అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు మొదటి స్టూవర్డెస్‌గా విమానం ఎక్కింది. ఆమెకి విమానం నడపడం వచ్చు. పైలట్‌ ఉద్యోగం ఇవ్వమనే వెళ్లింది. అది ఇవ్వరని తెలిశాక, పోనీ నర్సులు విమానంలో ఉంటే జనానికి ధైర్యంగా ఉంటుంది కదా అని తనే ఉపాయం చెప్పింది. ఆడది నడిపితే జనం భయపడతారు, ఆడది కాఫీ ఇస్తే ధైర్యం తెచ్చుకుంటారు! ఆ ఉపాయం ప్రపంచమంతా పాకింది. దాంతోబాటు షరతులు కూడా పాకాయి. వయసు, బరువు, ఎత్తు, పెళ్లి కాకుండా ఉండటం.

ఎయిర్ ఇండియా 46వ నిబంధన చదివితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఎయిర్ హోస్టెస్‌కి 35 ఏళ్లు నిండితే రిటైర్మెంట్. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే అప్పుడే రిటైర్మెంట్. మొదటిసారి గర్భం వస్తే అప్పుడే రిటైర్మెంట్. ఈ మూడింట్లో ఏది ముందొస్తే అది. మేనేజింగ్ డైరెక్టర్ తలచుకుంటే 35ని ఏడాదికేడాది చొప్పున 45 దాకా పొడిగించవచ్చు. అదే విమానంలో, అదే నడవాలో, అవే ట్రేలు పట్టుకుని తిరిగే మగవాళ్లని ఫ్లైట్ పర్సర్లు అనేవాళ్లు. వాళ్ల రిటైర్మెంట్ వయసు 58.

నర్గేష్ మీర్జా, ఆమెతోటి ఎయిర్ హోస్టెస్‌లు దీని మీద కోర్టుకెళ్లారు. 1981 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ ముర్తజా ఫజల్ అలీ. ఈ తీర్పు గురించి వార్తల్లో ఎక్కువగా కనిపించేది ఒకటే మాట, గర్భం దాలిస్తే ఉద్యోగం పోతుందనే నిబంధనని కోర్టు భారత స్త్రీత్వానికే అవమానమని కొట్టేసిందని. అది నిజమే, చాలా గట్టి మాటలతోనే కొట్టేసింది. మేనేజింగ్ డైరెక్టర్‌ ఇష్టాయిష్టాల మీద పొడిగింపు ఉండటాన్ని కూడా కొట్టేసింది. ఎవరికి పొడిగించాలో, ఎవరిని ఇంటికి పంపాలో ఒక్క మనిషి చేతిలో పెట్టడం ఎంత ప్రమాదమో ఆడవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

కానీ తీర్పులో మిగతా భాగం చదివిన వాళ్లు తక్కువ. నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోకూడదన్న షరతుని కోర్టు సమర్థించింది. పంతొమ్మిదేళ్లకి ఉద్యోగంలో చేరే పిల్ల నాలుగేళ్లు ఆగితే ఆరోగ్యానికి మంచిది, కుటుంబ నియంత్రణ కార్యక్రమానికి మంచిది, ఆ కాపురం నిలబడటానికీ మంచిది అంది. మా అమ్మమ్మ ఇచ్చే సలహాలాగా ఉంటుంది చదువుతుంటే. సలహాగా మంచిదే. పాటించకపోతే ఉద్యోగం పోయే సలహాని ఏమనాలి? 35 ఏళ్ల గడువునీ కోర్టు తప్పుపట్టలేదు. మరి 58 ఏళ్ల దాకా ఉండే మగ పర్సర్ల మాటేమిటంటే, వాళ్ల క్యాడర్ వేరు, వీళ్ల క్యాడర్ వేరు, వేరే వర్గాల మధ్య పోలికే లేదు, పోలిక లేనప్పుడు వివక్ష ఎక్కడిది అంది. రాజ్యాంగం నిషేధించింది కేవలం ఆడ-మగ తేడా ఒక్కటే కారణంగా చూపే వివక్షని, దానికి వేరే కారణాలు కలిస్తే నిషేధం వర్తించదని కూడా చెప్పింది.

ఈ వాదన నడిచే తీరు గమనించండి. ఆడవాళ్లందర్నీ ఒక డబ్బాలో వేసి, మగవాళ్లందర్నీ ఇంకో డబ్బాలో వేసి, రెండింటి మీదా వేరే పేర్లు రాస్తారు. తర్వాత, "చూడండి, డబ్బాలు వేరు కదా, లోపలి సరుకు వేరుగా ఉంటే తప్పేముంది" అంటారు. ఆ డబ్బాలు చేసింది ఎవరు, దేన్ని బట్టి చేశారు అన్నది ఎవరూ అడగరు.

*

అదే 1981లో, మన తీర్పుకి అయిదు నెలల ముందు, జపాన్ సుప్రీంకోర్టు అచ్చు ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. నిస్సాన్ కార్ల కంపెనీలో మగవాళ్లకి రిటైర్మెంట్ 55, ఆడవాళ్లకి 50. అలా 50కే పంపేసిన ఒకావిడ కోర్టుకెక్కింది. మార్చి 24న తీర్పు వచ్చింది. ఆడ అయినందువల్ల మాత్రమే ముందుగా పంపేయడం ప్రజానీతికి విరుద్ధం, చెల్లదు అన్నారు. వేర్వేరు డబ్బాల వాదనకి అక్కడ తావు దొరకలేదు.

నిజానికి అప్పటి జపాన్ స్త్రీల ఉద్యోగ జీవితం మనవాళ్లకి ఆదర్శమేమీ కాదు. ఆఫీసుల్లో చేరిన ఆడపిల్లల్ని "ఆఫీసు పూలు" అని పిలిచేవాళ్లు. టీ అందించడం, కాగితాలు సర్దడం, మగవాళ్ల కంటికి ఆహ్లాదంగా ఉండటం వాళ్ల పని. పెళ్లవగానే ఉద్యోగం మానెయ్యడానికి "శుభ రాజీనామా" అన్న అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఒకటుంది, కొతోబుకి తాయిషా అని. సుమితోమో సిమెంట్ అనే కంపెనీ అయితే పెళ్లయితే మానేస్తామని చేరేటప్పుడే ఆడవాళ్లతో రాయించుకునేది. ఒక ఉద్యోగిని పెళ్లి చేసుకుని కూడా మానననేసరికి తీసేసింది. 1966లో టోక్యో జిల్లా కోర్టు ఆ తీసేయడం చెల్లదంది. ఆ తర్వాత పదిహేనేళ్ల పాటు ఒక్కో కోర్టూ ఒక్కో రాయి తీస్తూ వచ్చాక నిస్సాన్ తీర్పుతో గోడ కూలింది.

ఇక్కడితో ఆగితే జపాన్ గెలిచింది, మనం ఓడిపోయాం అని రాసేసుకోవచ్చు. కానీ 1985లో జపాన్ పార్లమెంటు సమాన ఉద్యోగావకాశాల చట్టం చేశాక ఏం జరిగిందో చూడాలి. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరే నిబంధనలు పెట్టకూడదని చట్టం అంది. పెద్ద కంపెనీలు సరేనన్నాయి. ఆడ-మగ అన్న పేర్లు తీసేసి, ఉద్యోగాల్ని రెండు దారులుగా విడగొట్టాయి. ఒకటి సోగోషొకు, అంటే పైకెదిగే దారి. ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి వెళ్లాలి, రాత్రి ఎంతైతే అంత దాకా పని చెయ్యాలి. రెండోది ఇప్పన్‌షొకు, సాధారణ గుమాస్తా దారి. బదిలీలుండవు, ప్రమోషన్లూ ఉండవు. ఎవరే దారైనా ఎంచుకోవచ్చు. తీరా చూస్తే మొదటి దారిలో దాదాపు అందరూ మగవాళ్లే, రెండో దారిలో దాదాపు అందరూ ఆడవాళ్లే. బొంబాయిలో కట్టిన డబ్బాలే టోక్యోలో కొత్త రంగు వేసుకుని వచ్చాయి!

ఆ దారి ఆడవాళ్లే కోరి ఎంచుకున్నారు కదా అనేవాళ్లు అక్కడా ఉన్నారు. ఇంట్లో పిల్లలకి అన్నం డబ్బా కట్టేది ఎవరు, ముసలి అత్తమామల్ని చూసేది ఎవరు అన్న ప్రశ్నలకి జవాబు మారకుండా, రాత్రి పదింటి దాకా ఆఫీసులో ఉండే దారిని ఎవరు ఎంచుకోగలరు? జపాన్ స్త్రీల ఉపాధిని వయసు వారీగా గీస్తే చాలా ఏళ్లపాటు ఆ గీత ఇంగ్లిషు "ఎమ్" అక్షరంలా ఉండేది. ఇరవైల్లో పైకి లేచి, ముప్పైల్లో పడిపోయి, నలభైల్లో మళ్లీ లేస్తుంది. కానీ రెండోసారి లేచినప్పుడు దొరికేవి ఎక్కువగా పార్ట్‌టైమ్, తాత్కాలిక ఉద్యోగాలు. ఇప్పటికీ అక్కడ ఉద్యోగాలు చేసే ఆడవాళ్లలో సగానికి పైగా అలాంటి ఉద్యోగాల్లోనే ఉన్నారు. మగవాళ్లలో అది అయిదో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. 2024లో ప్రపంచ ఆర్థిక వేదిక స్త్రీ పురుష అంతరాన్ని లెక్కగట్టిన 146 దేశాల్లో జపాన్ 118వ స్థానంలో ఉంది. మనం 129. చట్టంలో గెలిచిన దేశానికీ, ఓడిన దేశానికీ మధ్య తేడా పదకొండు మెట్లే.

యూరప్‌లోనూ ఇలాంటి కథే ఒకటుంది. బెల్జియం విమాన సంస్థ సబేనాలో ఎయిర్ హోస్టెస్‌లని 40కే పంపేసేవాళ్లు, మగ స్టూవర్డ్‌లకి ఆ గడువు లేదు. గాబ్రియెల్ డెఫ్రెన్ కోర్టుకెళ్లింది. సమాన పనికి సమాన జీతం అన్న విషయంలో 1976లో యూరప్ న్యాయస్థానంలో గెలిచింది. ఆ తీర్పు ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠం. కానీ 40 ఏళ్ల గడువు విషయంలో 1978లో ఓడిపోయింది. జీతం దాకా సమానమే, వయసు దగ్గరికొచ్చేసరికి కాదు.

*

మన దగ్గర ఆ తర్వాత కథ నత్తనడకన సాగింది. 1989లో ప్రభుత్వ ఆదేశంతో ఎయిర్ హోస్టెస్‌ల ఉద్యోగ వయసు 58కి చేరింది. అయితే కొసరు ఒకటి ఉంది. 50 దాటాక ఆడవాళ్లు విమానం ఎక్కకూడదు, నేల మీద ఉద్యోగాలే చెయ్యాలి. మగవాళ్లకి ఆ ఆంక్ష లేదు. అలవెన్సులన్నీ గాల్లోనే ఉంటాయి కాబట్టి నేల మీదికి దించడమంటే జీతం తగ్గించడమే. ఇదీ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2003లో కోర్టు ఆ తేడాని సమర్థించింది. అదే ఏడాది ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. విమానంలో క్యాబిన్ సిబ్బంది మొత్తానికి పెద్దగా ఉండే సూపర్‌వైజర్ పదవి అప్పటిదాకా మగవాళ్లకే. 2005లో ఎయిర్ ఇండియా దాన్ని ఆడవాళ్లకీ తెరిచింది. తమకంటే జూనియర్‌గా చూసిన ఆడవాళ్ల కింద పనిచెయ్యాల్సి వస్తుందని మగ పర్సర్లు కోర్టుకెళ్లారు. 2011 నవంబర్‌లో సుప్రీంకోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చింది. చివరికి 2018లో, స్వలింగ సంబంధాల నేరాన్ని రద్దు చేసిన తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ 1981 నాటి తర్కాన్ని పేరు పెట్టి తప్పుపట్టారు. ఆడ-మగ తేడాకి ఇంకో కారణం జతచేసి వివక్ష కాదనడం కుదరదన్నారు. నర్గేష్ మీర్జా తీర్పుకి అప్పటికి 37 ఏళ్లు. ఆమె సంస్థ నిబంధనల ప్రకారం ఒక ఎయిర్ హోస్టెస్‌ జీవితంలో ఉద్యోగం మొదలయ్యి, ముగిసిపోయి, ఇంకా రెండేళ్లు మిగిలే కాలం.

ఇప్పుడు మన దేశంలో విమానం నడిపే వాళ్లలో సుమారు 15 శాతం మంది స్త్రీలని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ప్రపంచ సగటు అయిదారు శాతమే. శంషాబాద్‌లో భుజాల మీద నాలుగు బంగారు గీతలు వేసుకుని బ్యాగు లాక్కుంటూ పోయే ఆడపిల్లని చూసి ఇప్పుడు ఎవరూ ఆగి చూడరు. ప్రేమ్ మాథుర్‌కి ఇవ్వని ఎడమ సీటు అది. ఈ లెక్క చూసి సంతోషపడటంలో తప్పు లేదు. నేనూ సంతోషపడతాను.

*

కానీ రాత్రి సంగతి మిగిలే ఉంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఆడవాళ్లతో పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకానే ఫ్యాక్టరీలో పని చేయించాలని ఉండేది. జపాన్ 1947 చట్టంలోనూ రాత్రి పది నుంచి తెల్లవారు అయిదు దాకా ఆడవాళ్లకి నిషేధమే. రెండూ దయతో చేసిన చట్టాలే. కానీ ఆ దయ అందరి మీదా సమానంగా లేదు. నర్సులు రాత్రంతా వార్డుల్లో ఉండేవాళ్లు. ఎయిర్ హోస్టెస్‌లు అర్ధరాత్రి విమానాలెక్కేవాళ్లు. మగవాళ్లు చెయ్యని పనైతే రాత్రి ప్రమాదం కాదు, మగవాళ్లు కోరుకునే మంచి జీతపు షిఫ్టు అయితేనే ప్రమాదం. జపాన్‌లో ఆ నిషేధం 1999 ఏప్రిల్‌లో పోయింది. ఇక్కడ 2000లో మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఆ సెక్షన్‌ని రాజ్యాంగ విరుద్ధమన్నాయి. భద్రత కల్పించండి, రవాణా ఇవ్వండి, పని మాత్రం ఆపకండి అన్నది వాటి సారాంశం. మా గల్లీలోకి రెండున్నరకి వచ్చే కారు అలా వచ్చిందే.

2019 నవంబర్ 27 రాత్రి మా ఊరి పేరు దేశమంతా మారుమోగింది. తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర స్కూటర్ ఆపి వెళ్లిన ఒక పశువైద్యురాలు ఇంటికి తిరిగి రాలేదు. ఆ వారం రోజులూ మా కాలనీలో ఏ ఇంట్లోనూ ఆడపిల్ల ఉద్యోగం గురించి తప్ప ఇంకో మాట లేదు. మా అక్క ఫోన్ చేసి ఏడ్చింది, "దాన్ని మాన్పిద్దామే" అని. అప్పుడు పిల్ల ఇంకా శిక్షణలోనే ఉంది. కొద్ది రోజులకే అప్పటి ముఖ్యమంత్రి ఆర్టీసీ కార్మికులతో సమావేశంలో మాట్లాడుతూ, మహిళా ఉద్యోగులకి రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీలు వెయ్యొద్దని చెప్పారు. చాలామంది తల్లులు హమ్మయ్య అనుకున్నారు. నేనూ ఒక క్షణం అనుకున్నాను, అబద్ధమెందుకు చెప్పాలి?

కానీ ఆలోచించండి. ప్రమాదం రోడ్డు మీద ఉంది. రోడ్డు మీద నుంచి తీసేసింది ఎవరిని? మళ్లీ అదే గీత. 1948లో ఫ్యాక్టరీ గేటు దగ్గర గీసి, ఏళ్ల తరబడి కోర్టులు తిరిగి చెరిపిన గీతని ఒక్క సాయంత్రం సమావేశంలో ఆర్టీసీ డిపో ముందు తిరిగి గీశాం. ఆ రాత్రి ఆమె ఉద్యోగం చేసినందుకు చనిపోలేదు. ఇంటికి వెళ్లే దారి ఆమెది కాకుండా పోయినందుకు చనిపోయింది.

ఆ రోజు అక్కతో ఏం చెప్పానో గుర్తుంది. "మాన్పిస్తే అది బతికుంటది గానీ బతకదు" అన్నాను. పెద్ద మాటే అనేశాను. దానికేమన్నా అయితే ఆ మాట నా మెడకి చుట్టుకుంటుందని నాకు తెలుసు. ఇప్పటికీ రెండున్నరకి తలుపేసి నిద్రపోలేకపోవడానికి కారణం అదే.

*

ఆఖరుకి, ఏ తీర్పులోనూ కనిపించని వాళ్ల గురించి.

ఈ విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నారు. మామిడిపల్లి, గొల్లపల్లి వైపు భూములు. జొన్న చేలు, కూరగాయల మళ్లు, ద్రాక్ష తోటలు. ఒకప్పుడు హైదరాబాద్ అంటే అనబ్-ఎ-షాహీ ద్రాక్ష. పందిళ్ల కింద తలెత్తి గుత్తులు కత్తిరించే పని ఆడవాళ్లదే. 1894 నాటి భూసేకరణ చట్టం భూమి పోయినవాడికి పరిహారం ఇవ్వమంది. భూమి పోయినవాడంటే పట్టాలో పేరున్నవాడు. ఆ భూమిలో ముప్పై ఏళ్లు కూలి చేసిన ఆడదానికి పోయింది ఏమీ లేదని చట్టం లెక్క. వ్యవసాయ కూలీల కుటుంబాల్ని కూడా నష్టపోయినవాళ్లుగా గుర్తించే చట్టం 2013లో వచ్చింది. అప్పటికి మా రన్‌వే మీద విమానాలు దిగడం మొదలై అయిదేళ్లు.

కూలి పోయిన వాళ్లలో కొందరు అదే నేల మీదికి తిరిగొచ్చారు, నీలం చీర మీద కోటు వేసుకుని, చేత మాప్ పట్టుకుని. అలాంటి ఒకావిడ మా వీధి చివర ఉంటుంది. ద్రాక్ష పందిళ్ల కింద చేసిన చోటు ఇప్పుడు ఎటువైపుందో తనకే ఆనవాలు దొరకదంటుంది. "గా బాత్రూములు ఎన్నిసార్లు తుడిచినా తళతళ మెరవాలె బిడ్డా" అంటుంది. ఆమె పనిచేసేది విమానాశ్రయంలో గానీ ఉద్యోగి మాత్రం కాంట్రాక్టరుకి. కాంట్రాక్టర్ మారితే సర్వీసు మళ్లీ సున్నా నుంచి. ఇదో కొత్త డబ్బా. ఆడ అనో మగ అనో దాని మీద రాసి ఉండదు. రాసి ఉండనవసరం లేదు, లోపల చూస్తే తెలిసిపోతుంది. టోక్యోలో తాత్కాలిక ఉద్యోగాల డబ్బా, శంషాబాద్‌లో ఔట్‌సోర్సింగ్ డబ్బా. 1981 నాటి తర్కం కోర్టుల్లోంచి వెళ్లిపోయి కాంట్రాక్టు కాగితాల్లో ఇల్లు కట్టుకుంది.

2024 జనవరి 2న టోక్యో హనేదా విమానాశ్రయంలో రెండు విమానాలు గుద్దుకుని మంటలు లేచాయి. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఉన్న 379 మందినీ క్యాబిన్ సిబ్బంది ప్రాణాలతో దింపేశారు. ఆ వారం మా అమ్మాయి ఆ వీడియోలు మళ్లీ మళ్లీ చూసింది. "చిన్నమ్మా, ఇదీ మా అసలు పని. కాఫీ ఇచ్చుడు మధ్యల వచ్చేది" అంది. అదే నెలలో ఆ సంస్థ తన కొత్త అధ్యక్షురాలి పేరు ప్రకటించింది, మిత్సుకో తొత్తోరి. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ, క్యాబిన్ అటెండెంట్‌గా మొదలై అక్కడిదాకా వచ్చిన మొదటి మనిషి. ఆమె ఉద్యోగంలో చేరింది 1985లో, సమాన ఉద్యోగావకాశాల చట్టం వచ్చిన ఏడాది. ఒక్క మనిషి మేడెక్కితే మెట్లన్నీ బాగైనట్టు కాదని నాకు తెలుసు. కానీ ఆమెని కూడా ఎవరో ముప్పై అయిదేళ్లకి ఇంటికి పంపేసి ఉంటే? లెక్కకి అందని ఆ నష్టమే నన్ను తొలుస్తుంది. 35 ఏళ్లకి ఇంటికెళ్లిపోయిన మన ఎయిర్ హోస్టెస్‌లలో ఎవరెవరు ఏమేం అయ్యుండేవాళ్లో ఏ రికార్డూ చెప్పదు.

మొన్న పక్కింటావిడ మళ్లీ కనిపించింది. ఈసారి అడగలేదు, చెప్పింది. వాళ్ల చిన్నమ్మాయి ఇంటర్ అయిపోయిందట, విమానాశ్రయంలో గ్రౌండ్ స్టాఫ్ కోర్సు ఏదో ఉందట, ఫీజు ఎంతో మా అమ్మాయినడిగి చెప్పమంది. "రాత్రి డ్యూటీలుంటయి మరి" అన్నాను పరీక్షగా.

"ఉంటే ఉండనియ్" అంది. "కారైతే ఇంటి ముందట్కి వస్తది గదా?"

వస్తుందన్నాను. ఏ కాంట్రాక్ట్‌లో పెడతారో, పెద్ద కంపెనీ కిందో చిన్న ఏజెన్సీ కిందో, చేరేముందు ఆ కాగితం మాత్రం నాకు చూపించమన్నాను. "నువ్వు సదివి పెడ్తవా అక్కా?" అంది. చదువుతానన్నాను. చిన్నక్షరాలు కూడా.